గోతిలో దయ్యం

మా ఆయన ఇరవై ఏళ్ళ పైచిలుకు ఒక దయ్యంతో మాట్లాడాడు. ఆ దయ్యం నేనే. అయినా ఒక్కసారి కూడా ఆయన నన్ను చూడలేదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మా నాటకంలో దయ్యం కనపడే పద్ధతే అంత. నటులకీ జనానికీ మధ్య ఒక పెద్ద గాజు పలక ఏటవాలుగా నిలబెట్టి ఉంటుంది. మసక వెలుతురులో అది అక్కడ ఉన్నట్టే జనానికి తెలియదు. దాని ముందు, కిందుగా, మొదటి వరుసవాళ్ళకు కూడా కనపడకుండా ఒక గొయ్యి. ఆ గోతిలో స్టేజీ దూలాలకు ఆనించి, నల్లగుడ్డ కప్పిన చెక్క. దయ్యం వేషం వేసిన మనిషి తెల్లబట్టలు తొడుక్కుని ఆ చెక్కకు వీపు ఆనించి వెనక్కి వాలాలి. గోతిలో దీపం వెలగగానే ఆమె ప్రతిబింబం గాజులో పడుతుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకు మాత్రం స్టేజీ నడిమధ్యన, గాలిలోంచి ఊడిపడ్డట్టు, దయ్యం నిలబడి ఉంటుంది. దీపం ఆర్పితే మాయం.

చూసే భాగ్యం టికెట్టు కొన్నవాళ్ళకే. గాజుకు వెనక, స్టేజీ మీద ఉన్నవాళ్ళకు ఏమీ కనపడదు. మా ఆయన నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తు చూసుకుని, దాని పైన ఉన్న ఖాళీ గాలిలోకి కళ్ళెర్రజేసి "ఎవరు నువ్వు?" అని గర్జించేవాడు. కింద గోతిలో నేను పైకప్పుకేసి చూస్తూ, ముక్కు మీద వాలిన దోమను కొట్టుకోలేక పళ్ళు బిగబట్టుకుని ఉండేదాన్ని. మా కాపురంలో సాయంత్రాలన్నీ ఇలాగే గడిచాయి.

నాటకం పాతదే. కోటలాంటి బంగళా, దానికో దొర. మొదటి భార్య చనిపోయింది. కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చుకుంటాడు. మేడ మీద తాళం వేసిన గదిలోంచి మొదటి భార్య దయ్యమై దిగి వస్తుంది. పెళ్ళికూతురు కెవ్వుమంటుంది. చివర్లో దొర ఒక దీపస్తంభం ఎత్తి దయ్యం మీదికి విసురుతాడు, దయ్యం మాయమైపోతుంది, పెళ్ళికూతురు దొర కాళ్ళ దగ్గర కూలబడుతుంది, తెర. దొర మా ఆయనే. కూరగాయలమ్మే ఆవిడ కూడా ఆయన్ని దొరగారూ అనే పిలిచేది. ఎందుకొచ్చిన గొడవ అని నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

ఆ ఏడు వానాకాలం మొదట్లోనే నా మోకాళ్ళు మొరాయించాయి. గోతిలోకి నిచ్చెన దిగడం నా వల్ల కాదని డాక్టరు తేల్చేశాడు. అది చాలదన్నట్టు, గాజు పలకని సామాన్ల గదిలోంచి బయటికి తెస్తున్నప్పుడు దొరగారు "ఎడమకి" అంటే మా మరిది ఆయన ఎడమకి తిప్పాలో తన ఎడమకి తిప్పాలో తేల్చుకోలేక తలుపుకు కొట్టాడు. పలక మూల నుంచి మూలకు పగిలింది. అన్నదమ్ములిద్దరూ ఆ రోజంతా పెడమొహాలు పెట్టుకుని తిరిగారు.

మర్నాడు గాజు కొట్టు నుంచి కొలతలు తీసుకోవడానికి ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న పోయాక కొట్టు తనే నడుపుతోందట. పొట్టి జుట్టు, చేతుల్లో టేపు, వేళ్ళకు ఎక్కడ చూసినా బ్యాండేజీలు. అద్దాలమ్మాయి అని మా మరిది పిలిచిన పేరే ఆమెకు ఖాయమైపోయింది.

"ఇంత పెద్ద పలక దేనికండీ? కిటికీ కూడా లేదు కదా ఇక్కడ" అంది.

"దయ్యానికి" అన్నాడు మా మరిది గంభీరంగా.

మా అమ్మాయి పక్కున నవ్వింది. పెళ్ళికూతురు వేషం దానిదే, నాలుగేళ్ళుగా. అద్దాలమ్మాయి చెయ్యి పట్టుకుని గోతి దగ్గరికి తీసుకెళ్ళి దయ్యం కిటుకంతా విప్పి చెప్పింది. నేను ఒక కుర్చీలో కూర్చుని నా మోకాళ్ళు నొక్కుకుంటూ అనుకున్నాను, ఇది ఎవరికీ చెప్పకూడని రహస్యం కదా, దీనికింత ఉత్సాహమేమిటా అని.

కొత్త పలక నిలబెట్టిన రోజున వాలు సరిపోయిందో లేదో చూడటానికి అద్దాలమ్మాయే గోతిలోకి దిగింది. మా మరిది దీపం వేశాడు. హాల్లో కూర్చున్న నాకు ఒళ్ళు ఝల్లుమంది. పని బట్టల్లో, బ్యాండేజీ వేళ్ళతో, మొహంలో ఏ నటనా లేకుండా ఊరికే నిలబడింది. ఆ ఊరికే నిలబడటమే నాకు ఇరవై ఏళ్ళలో పూర్తిగా పట్టుబడలేదు.

"దయ్యం దొరికింది" అని అరిచాను.

దొరగారు స్టేజీ మీద నుంచి ఖాళీ గాలిని ఎగాదిగా చూసి, "నువ్వు బాగుందంటే బాగున్నట్టే" అన్నారు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం. ఆయనలో నాకు మొదటి నుంచీ నచ్చింది అదే.

నాటకాన్ని మారుద్దామన్నది మా అమ్మాయి. పాత నాటకానికి హాలు సగం కూడా నిండటం లేదు, అది అందరికీ తెలిసిందే. ఒక సాయంత్రం టీ తాగుతూ అంది:

"నాన్నా, ఆ పెళ్ళికూతురు దయ్యాన్ని చూసి అలా ఎందుకు అరుస్తుంది?"

"దయ్యం కనక."

"అది కాదు. ఆ బంగళాలో ఆ పిల్లతో మంచిగా ఉన్నదెవరు? దొర గదిలో పెట్టి తాళం వేస్తాడు. పనివాళ్ళు పలకరించరు. జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన నిలబడేది దయ్యమొక్కతే. ఒకసారి భయపడుతుంది, రెండుసార్లు భయపడుతుంది. తర్వాతైనా బుద్ధి రాదా?"

దొరగారు కప్పులోకి చూస్తూ ఆలోచించారు. "అంటే దయ్యంతో స్నేహమా?"

అమ్మాయి నా వంక చూసి, టీ తాగింది.

"కొత్తగానే ఉంది" అన్నారాయన. "చివర్లో మరి?"

"చివర్లో దొర దీపం విసరడు. తలుపు తీసి 'వెళ్ళండి' అంటాడు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోతారు."

"విసరనా?" అన్నారు దొరగారు, నోటి దగ్గర ముద్ద లాగేసుకున్నట్టు. ఆ దీపస్తంభం అట్టముక్కలతో ఆయన స్వహస్తాలతో చేసుకున్నది. దాన్ని విసిరినప్పుడు తెర పక్కనుంచి మా మరిది పగిలిన గాజుపెంకుల పళ్ళేన్ని ధన్‌మని బోర్లించేవాడు, అదే చేత్తో గోతిలో దీపం ఆర్పేసేవాడు. చప్పట్లు పడేది అక్కడే. అయినా ఖాళీ కుర్చీలు గుర్తొచ్చి సరేనన్నారు.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి అసలు తిప్పలు. పాత నాటకంలో దయ్యం చెక్క మీద పక్కకి జరుగుతూ నడిచినట్టు కనపడేది, వేలు చూపించేది, అంతే. ఎవరినీ ముట్టుకునేది కాదు. కొత్తదాంట్లో పెళ్ళికూతురు, దయ్యం చేతులు కలుపుకోవాలి. పైనున్న పిల్లకు కింది పిల్ల కనపడదు, కింది పిల్లకు పైపిల్ల కనపడదు. రెండు చేతులూ కలిసేది గాజులోనే, హాల్లో కూర్చున్న నా కళ్ళకే.

"పైకి! ఇంకా పైకి! అది చెయ్యి కాదు, దాని చెవి!"

"అమ్మా, ఇప్పుడో?"

"ఇప్పుడు నీ చెయ్యి దయ్యం పొట్టలో ఉంది!"

నవ్వి నవ్వి గోతిలో అద్దాలమ్మాయికి ఎక్కిళ్ళు పట్టుకునేవి. గాజులో దయ్యం ఎక్కిళ్ళు పెడుతుంటే మా మరిది కింద కూర్చుని పొట్ట పట్టుకునేవాడు. వాన రేకుల కప్పు మీద దబదబా కురిసేది, గాజుకు చెమట పట్టేది. అద్దాలమ్మాయి పైకొచ్చి పాత పేపర్లతో దాన్ని తుడిచేది. ఇటువైపు తను, అటువైపు మా అమ్మాయి. మొహానికి మొహం ఎదురుగా పెట్టుకుని, లేని మరకలు కూడా తుడుస్తూ ఉండేవాళ్ళు.

నేను లెక్క పెట్టడం నేర్పించాను. ఈ మాట తర్వాత ఇన్ని అంకెలు, చెయ్యి ఎత్తు. ఇన్ని అంకెలు, దించు. కొన్నాళ్ళకు కుదిరింది. కుదిరిందే గాని ఇద్దరూ పాఠం అప్పజెపుతున్నట్టు ఉండేది. తర్వాత ఒక రోజు, నేను చూస్తుండగానే, మా అమ్మాయి తన మాట మధ్యలో ఆగింది. నాటకంలో లేని ఆగడం అది. ఏదో గుర్తొచ్చినట్టు తల వంచుకుని, లెక్కతో పని లేకుండా, మెల్లగా చెయ్యి ఎత్తింది. గాజులో దయ్యం చెయ్యి కూడా అప్పుడే లేచింది. రెండూ వెళ్ళి ఒకదాన్ని ఒకటి అందుకున్నాయి. మళ్ళీ లెక్క లేకుండానే విడిపోయాయి.

"ఎలా తెలిసింది నీకు?" అని గోతి అంచున వంగి అడిగాను.

అద్దాలమ్మాయి చెమట తుడుచుకుంటూ, "తన అడుగు ఈ చెక్కలోంచి తెలుస్తుందండీ, వీపుకి" అంది. "బరువు ఏ కాలి మీద వేసిందో కూడా తెలుస్తుంది. చెయ్యి ఎత్తే ముందు మడమ మీదికి వాలుతుంది."

నాకు తెలుసు ఆ సంగతి. దొరగారికి ఒంట్లో బాగుందా, కోపంగా ఉన్నారా, చెప్పులు బిగుతుగా ఉన్నాయా, అన్నీ ఇరవై ఏళ్ళు నా వీపుకే తెలిసేవి. అదేమిటో కూడా నాకు తెలుసు. నాటకం కోసం నేర్చుకునే లెక్క కాదది.

నాకు ముందు భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో గొడుగు కింద అమ్మాయిని నిలదీశాను.

"నాకు చెప్పొచ్చు కదే ముందే?"

"నీకు చెప్పాలా అమ్మా? రోజూ ముందు వరుసలో కూర్చుని చూస్తున్నావుగా."

"నాటకం అనుకున్నానే."

"నేనూ మొదట్లో నాటకమే అనుకున్నాను" అంది. "నీకు ఇష్టం లేదా?"

రోడ్డు మీద నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నాయి. ఇష్టమా, కాదా? నాకంత తొందరగా ఏదీ తేలదు. కానీ దాని మొహం చూశాను. చిన్నప్పుడు స్టేజీ వెనక నిద్రపోయి లేచి, అమ్మ గోతిలోంచి ఎప్పుడు పైకొస్తుందా అని నిచ్చెన వంక చూసే మొహం అది. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. గొడుగు పక్కకి పోయి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"నాన్నతో నేను చెప్పనా?" అన్నాను.

"నేనే చెప్తాను. నువ్వు చెప్తే నువ్వు బాగుందన్నావని ఒప్పుకుంటాడు. నాకు అది వద్దు."

దొరగారు మూర్ఖుడేమీ కాదు. ఏదో ఉందని ఆయనకూ అనుమానం తగిలింది, కాకపోతే నాటకం వైపు నుంచి. తొలి ఆట ఇంకా కొన్ని రోజులుందనగా రిహార్సలు మధ్యలో ఆపేశారు. పైన వాన హోరు. మాట వినపడాలంటే అరవాల్సిందే.

"స్నేహం అన్నావు! స్నేహంలో అంతసేపు చేతులు పట్టుకుంటారా?"

"స్నేహం అని నువ్వన్నావు నాన్నా! నేను అనలేదు!"

"మరేమిటిది?"

"ప్రేమ!"

"ఆడపిల్లకీ దయ్యానికీనా?"

"ఇద్దరు ఆడవాళ్ళకి!" అని, ఒక క్షణం ఆగి, వాన హోరును మించి అరిచింది. "నాటకంలో ఒక్కటే కాదు నాన్నా! నాకూ తనకీ కూడా!"

మా మరిది చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. దొరగారు కూతురి వంక, గోతి వంక, మళ్ళీ కూతురి వంక చూశారు.

"ఏముంది మీ ఇద్దరి మధ్య? నాకేమీ కనపడటం లేదే! రోజూ ఇక్కడే ఉన్నాను, నా కళ్ళకేమీ కనపడలేదు! ఊరికే వానాకాలం పిచ్చి! సీజన్ అయ్యాక ఆ పిల్లని పంపించేసి వేరే మనిషిని చూద్దాం!"

"తనని పంపితే నేనూ వెళ్తాను. మళ్ళీ నీ స్టేజీ ఎక్కను."

"ఎక్కకు! దీపం మాత్రం విసిరి తీరతాను! వినపడుతోందా? దొర దొరలాగే ఉంటాడు! నేను విసరందే ఈ తెర దిగదు!"

ఆ మాటలు రెండోసారి అరవబోయారు. గొంతు రాలేదు. నోరు తెరుచుకుంది, చెయ్యి గాలిలోకి లేచింది, కిర్రుమని ఏదో చప్పుడైంది, అంతే.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, తొలి ఆట సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. గుసగుస కూడా పనికిరాదట. నిజం చెప్పొద్దూ, ఇంట్లో అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఒక చప్పట టీకి, రెండు చప్పట్లు వేణ్ణీళ్ళకి. కానీ మా అమ్మాయి తన బట్టలు ఒక సంచీలో సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ సంచీని జరిపి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. దాన్ని విప్పి బట్టలు తిరిగి బీరువాలో పెట్టేయాలని చెయ్యి పీకేది. పెట్టలేదు.

రిహార్సలు ఆగడానికి వీల్లేదు. దొర పాత్రకి మా మరిదిని నిలబెట్టాను. దొరగారికి ఇంట్లో పని లేదు, ఉండబుద్ధీ కాదు. మొహం మాడ్చుకుని హాలుకి వచ్చారు. స్టేజీ మీదికి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కడ మీకేం పని? మాట్లాడలేరుగా. ఇలా వచ్చి కూర్చోండి."

హాల్లో కుర్చీలో కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. నాటకం వేసేవాడు నాటకం చూడడు. చేతులు కట్టుకుని, సగం పక్కకి తిరిగి, నా పక్కన కూర్చున్నారు. హాల్లో దీపాలు ఆరాయి. స్టేజీ మీద మసక వెలుతురు. మా మరిది దొరలాగా నడుం మీద చేతులు పెట్టుకుని, రేషన్ సరుకులు చదువుతున్నట్టు దొర మాటలు చదివాడు. దొరగారు బాధగా కళ్ళు మూసుకున్నారు.

గోతిలో దీపం వెలిగింది.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. ఆయన ముందుకి వంగారు. కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియదు. స్టేజీ మీద, ఇన్నేళ్ళూ ఆయన ఖాళీగా చూసిన ఆ సుద్దగీత మీద, ఒక మనిషి నిలబడి ఉంది. ఆ మనిషిలోంచి వెనకాల గోడ కూడా కొంచెం కొంచెం కనపడుతోంది. మా అమ్మాయి ఆ మనిషి వైపు తిరిగింది. తిరిగినప్పుడు దాని మొహంలో ఏముందో దొర స్థానంలో నిలబడితే తెలియదు, ఎందుకంటే దొరకెప్పుడూ దాని వీపే కనపడుతుంది. మాట మధ్యలో ఆగింది. చెయ్యి లేచింది. రెండో చెయ్యి వచ్చి అందుకుంది.

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత నాటకం అయ్యేదాకా కదల్లేదు.

"అన్నయ్యా, నేనెలా చేశాను?" అన్నాడు మా మరిది ఆశగా.

ఆయన వినిపించుకోలేదు. గోతి వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి అన్నం తింటుండగా డాక్టరు మాట మీరి, గరగరమని గాలిలాంటి గొంతుతో అడిగారు:

"నువ్వూ ఇలాగే కనపడేదానివా?"

"ఇంకా బాగా కనపడేదాన్ని" అన్నాను. "అప్పుడు నాకు నడుం ఉండేది."

ఆయన నవ్వలేదు. "ఇన్నేళ్ళూనా?"

"టికెట్టు కొనుక్కుని చూడాల్సింది."

తల వంచుకుని కంచంలో గీతలు గీస్తూ ఉండిపోయారు. నేను మెల్లగా, "మరి అమ్మాయి సంగతి ఏం చేస్తారు?" అన్నాను. గొంతు వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపారు. డాక్టరు మాట్లాడొద్దన్నాడుగా అని. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇందాక ఎలా మాట్లాడావయ్యా మగడా అనుకున్నాను గాని పైకి అనలేదు.

అందుకని తొలి ఆట నాటికి ఆయన ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. చివరి రంగం ఆయన ఒక్కసారి కూడా రిహార్సలు చెయ్యలేదు. మా అమ్మాయి పెళ్ళికూతురి వేషానికి జడ వేయించుకుంటూ, "సంచీ హాలుకే తెచ్చేశాను అమ్మా" అంది. చిక్కు పడిందని అబద్ధమాడి మళ్ళీ మొదట్నుంచీ అల్లాను.

హాలు నిండింది. కొత్త దయ్యం అన్న మాట ఊళ్ళో బాగానే పాకింది. నేను నడిమి వరుసలో కూర్చున్నాను. వాన తెరిపిచ్చింది. మొదటి రంగం నుంచీ దొరగారి గొంతు బాగానే పలికింది, కాస్త బొంగురు తప్ప. ఆ బొంగురు దొరకి నప్పింది కూడా. జ్వరం రంగంలో దయ్యం మంచం పక్కన వచ్చి నిలబడినప్పుడు నా వెనకెవరో ముక్కు చీదుకున్నారు. చేతులు కలిసినప్పుడు ఎవరో ఈల వేశారు. పక్కవాళ్ళు వాణ్ణి కసిరారు.

చివరి రంగం. పెళ్ళికూతురు, దయ్యం ఒకరి పక్కన ఒకరు. దొర వచ్చాడు. చేతిలో దీపస్తంభం. పెళ్ళికూతురు తన మాట చెప్పింది: "నేను వెళ్తున్నాను. ఈమెతోనే వెళ్తున్నాను."

ఇప్పుడు దొర దీపం కింద పెట్టి, తలుపు తీసి, 'వెళ్ళండి' అనాలి. ఆయన పెట్టలేదు. అలాగే నిలబడ్డారు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. మా అమ్మాయి కళ్ళు ఆయన చేతి మీదే ఉన్నాయి. దీపస్తంభం మెల్లగా పైకి లేచింది, భుజం దాటింది, తల దాటింది.

తెర పక్కన మా మరిది అది చూశాడు. కొత్త నాటకం, కొత్త ముగింపు, అన్నీ వాడికి తెలుసు. కానీ ఆ దీపం లేచినప్పుడల్లా పెంకుల పళ్ళెం బోర్లించడం వాడి చేతికి ఇరవై ఏళ్ళ అలవాటు. ధన్‌మంది. ఆ చేత్తోనే స్విచ్చి నొక్కేశాడు. గోతిలో దీపం ఆరిపోయింది.

స్టేజీ మీద మా అమ్మాయి ఒక్కతే మిగిలింది, పక్కనున్న చెయ్యి పట్టుకున్నట్టుగా తన చెయ్యి గాలిలో పెట్టుకుని. దానికి తెలియదు పక్కన ఎవరూ లేరని. దానికెప్పుడూ కనపడలేదు కదా. హాలంతా 'అయ్యో' అంది. అప్పుడు అర్థమైంది దానికి. తండ్రి వంక చూసింది. ఆ చూపు నేను ఎన్నాళ్ళు బతికినా మర్చిపోను.

దొరగారు ఇంకా దీపం ఎత్తే పట్టుకున్నారు. విసరడానికి ఎత్తలేదని నాకు అప్పుడు తెలిసింది. విసిరేటప్పుడు ఆయన కుడికాలు వెనక్కి వేస్తారు. ఇప్పుడు రెండు కాళ్ళూ నేల మీద సమంగా ఉన్నాయి. దారి చూపించడానికి ఎత్తారు.

తెర పక్కకి తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి గర్జించారు:

"ఎవర్రా అక్కడ? దీపం పెట్టు! పిల్లలు గడప దాటుతున్నారు, కనపడటం లేదా?"

గోతిలో దీపం వెలిగింది. అద్దాలమ్మాయి ఉన్నచోటే ఉంది, చెయ్యి కూడా ఉన్నచోటే ఉంది. వాళ్ళిద్దరూ తలుపు వైపు నడిచారు. దొరగారు పక్కకి జరిగారు. ఒక్క మనిషికి సరిపడా కాదు, ఇద్దరికి సరిపడా జరిగారు. మా అమ్మాయి ఆయన ముందునుంచి దాటాక, దాని వెనకే వస్తున్న ఖాళీ గాలి వైపు తిరిగి, సరిగ్గా మొహం ఉండే ఎత్తులో చూసి, మామూలు గొంతుతో అన్నారు:

"జాగ్రత్తమ్మా. గడప ఉంది."

దయ్యానికి గడప ఏమిటని ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తెర దిగింది. చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు ఖాళీ లేవు, రెండు చేతులతోనూ కళ్ళు తుడుచుకుంటున్నాను.

లోపలికి వెళ్ళేసరికి మా అమ్మాయి తండ్రి ఛాతీ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన మొహం మీద రంగు సగం దాని జడకే అంటింది. అద్దాలమ్మాయి నిచ్చెన ఎక్కి వచ్చి, దగ్గరికి రావాలో వద్దో తెలియక తలుపు దగ్గర నిలబడిపోయింది. దొరగారు ఆ పిల్లని చూసి గొంతు సవరించుకున్నారు.

"ఆ చెక్క వీపుకి గుచ్చుకోదూ? మా ఆవిడ ఒక పాత దుప్పటి పరుచుకునేది."

"గుచ్చుకుంటుందండీ" అంది ఆ పిల్ల. "దుప్పటి వేస్తే అడుగులు తెలియవని వెయ్యలేదు."

ఆయన నా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. నేను ఏనాడూ దుప్పటి పరుచుకోలేదు. మడిచి తల కింద పెట్టుకునేదాన్ని. ఆయనకు అదీ అప్పుడే అర్థమైనట్టుంది.

"రేపట్నుంచి కొట్టు మూశాక ఇంటికే వచ్చెయ్" అన్నారు ఆ పిల్లతో. "అందరం కలిసే తిని హాలుకి వద్దాం. వానలో ఒక్కదానివి ఎక్కడ తిరుగుతావు?" ఆ తర్వాత పెంకులు ఏరుకుంటున్న తమ్ముడి మీదికి వెళ్ళారు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

సంచీ మళ్ళీ మా ఇంటికే వచ్చింది. దాంతో పాటు ఇంకో సంచీ కూడా వచ్చింది, నిండా గాజుకోత సామాన్లు. ఆ వానాకాలమంతా నాటకం ఆడింది. గడప మాట రోజూ చెప్పారు దొరగారు. పళ్ళెం మాత్రం మా మరిది చేతికి అందకుండా దాచేశాం.

వానలు వెనకబట్టాక, చివరి ఆట మర్నాడు, మధ్యాహ్నం గాజు విప్పదీయడానికి వెళ్ళాం. మా మరిది బోల్టులు వదులు చెయ్యబోతుంటే దొరగారు "ఆగు" అన్నారు. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, కుర్రాడిలా తడబడుతూ అన్నారు:

"ఒకసారి దిగుతావా?"

"ఎక్కడికి?"

"గోతిలోకి."

"మోకాళ్ళు ఎవరివి, మీ తాత ఇస్తాడా?" అన్నాను. అన్నాను గాని అప్పటికే చెప్పులు విడిచాను.

పిల్లలిద్దరూ చెరో పక్కా పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆపి నన్ను దింపారు. దయ్యం వేసుకునే తెల్ల అంగరఖా భుజాల మీద వేశారు. బొత్తాలు పెట్టబోతే పట్టలేదు, మా అమ్మాయి వెనకాల పిన్నీసు గుచ్చింది. చెక్కకు వీపు ఆనించాను. నా ఎముకలకు తెలిసిన చెక్క. పిల్లలు పైకి వెళ్ళిపోయారు. మా మరిది దీపం వేశాడు.

పైకప్పు, వెలుతురు, అంతే. వీపుకి ఏ అడుగూ తెలియలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన స్టేజీ మీద లేరు. ఎక్కడ కూర్చున్నారో, ఏం చేస్తున్నారో, చూస్తున్నారో లేదో నాకు తెలిసే దారి లేదు. చాలాసేపు అలాగే ఉన్నాను. మోకాళ్ళు లాగుతున్నాయి.

"ఏవండీ" అన్నాను ఇక ఉండబట్టలేక. "ఉన్నారా?"

హాల్లో ఎక్కడో, నడిమి వరుసల్లోంచి వచ్చింది మాట.

"ఉన్నానే. కాసేపు అలాగే ఉండు."